లెనార్డ్ పవ్లక్ పెట్టిన గీత

ఆదివారం పదింటికి ఎదురింటి గ్యారేజీ తలుపు లేచేది. ముదురు ఆకుపచ్చ కారు, బానెట్ మీద రెండు నల్ల చారలు, మెల్లగా వెనక్కి వచ్చి వీధిలోకి తిరిగేది. ఎర్ల్ క్రెబ్స్ భార్యను పక్కన కూర్చోబెట్టుకుని చర్చికి వెళ్లేవాడు. మైలున్నర దూరం. వాళ్లు తిరిగొచ్చేదాకా లెనార్డ్ వంటింటి కిటికీ దగ్గరే నిలబడేవాడు. చేతిలో కాఫీ చల్లారిపోయేది.

"ఎదురింటాయన కారు మీదున్న మోజు నా మీద ఒక్కనాడూ లేదు," అనేది భార్య ఐరీనా. "పద, మన చర్చిలో పూజకి ఆలస్యమవుతోంది."

అది మోజు కాదు. ఐరీనా పోయేదాకా ఆమెకు ఆ సంగతి చెప్పలేదు.

1971 మార్చిలో ఒక శుక్రవారం. డెట్రాయిట్‌కి దక్షిణాన ఉన్న కార్ల ఫ్యాక్టరీలో లెనార్డ్‌ది ఒకటే పని. స్టీరింగ్ పెట్టెను చట్రానికి పట్టి ఉంచే మూడు బోల్టులను రెంచితో సరిచూడాలి. బిగువు సరిపోతే రెంచి టిక్కుమంటుంది. అప్పుడు బోల్టు తల మీదుగా పసుపు రంగు గీత పెట్టాలి. ఆ రోజు రెండింటికి రెంచి విరిగింది. ఫోర్‌మన్ వచ్చి చూశాడు.

"గీత పెట్టి పంపెయ్. నీ కోసం లైను ఆగుద్దా?"

లెనార్డ్ గీతలు పెట్టాడు. షిఫ్టు ముగిసేలోగా ముప్పై ఎనిమిది కార్లు దాటిపోయాయి.

మే నెలలో ఎర్ల్ కొత్త కారు తెచ్చాడు. ఇంజను పక్కనున్న రేకు మీద తయారైన తారీకు, షిఫ్టు లెనార్డ్ చదివాడు. అదే శుక్రవారం, అదే షిఫ్టు.

"ఇలాంటి బండి మళ్లీ రాదు ఎర్ల్. జోరుగా తోలి పాడు చేసుకోకు," అన్నాడు. ఎర్ల్ మాట వినే మనిషి. యాభై రెండేళ్లకు ఆ కారు తిరిగింది ఆరు వేల మైళ్లు. చలికాలం మంచు కరగడానికి ఉప్పు చల్లిన రోడ్డు చూడలేదు. సీట్ల మీద పాలిథీన్ కూడా అలాగే ఉంది.

రెంచి కోటు లోపల పెట్టుకుని రెండుసార్లు ఆ గ్యారేజీలోకి వెళ్లాడు లెనార్డ్. రెండుసార్లూ వాతావరణం గురించి మాట్లాడి తిరిగొచ్చాడు. ఒక్క బోల్టు వదులుగా ఉందని తేలితే, మిగతా ముప్పై ఏడు కార్లనూ నమ్మడానికి లేదు. ఆ కార్లు ఎక్కడున్నాయో తెలియదు. పేపర్లో ప్రమాదం వార్త కనిపిస్తే ముందు కారు పేరు వెతికేవాడు.

ఈ చలికాలం ఎర్ల్ పోయాడు. కారు కొడుకు డ్వేన్ చేతికొచ్చింది. జూన్‌లో పాత కార్ల ప్రదర్శనకు పెడితే జడ్జీలు టార్చి పట్టుకుని కిందకి దూరి చూశారు. ఫ్యాక్టరీ నుంచి వచ్చాక ఎవరూ చెయ్యి పెట్టని బండి అని కార్డు రాసిచ్చారు. పసుపు గీతలు చెదరలేదని ప్రత్యేకంగా రాశారు.

జూలైలో ఒక శనివారం ఉదయం డ్వేన్ కారును పైకెత్తే లిఫ్టు మీద పెట్టి టైర్లలో గాలి చూస్తున్నాడు. లెనార్డ్ వీధి దాటాడు.

"ఏం బాబాయ్, రాత్రి మిగిలిన పియెరోగీ కుడుములేమన్నా తెచ్చావా?" అన్నాడు డ్వేన్.

"బండి ఎక్కడికి తీస్తున్నావు?"

"పావుమైలు కార్ల పందేలకి. నాన్న దీన్ని గంటకి నలభై మైళ్లు దాటించలేదు. ఇవాళ నూరు చూస్తా."

"వద్దు."

"ఎనభై ఏళ్లొచ్చినా పిరికితనం పోలేదు నీకు. పక్కన కూర్చో, చూద్దువు."

"ఆ పసుపు గీతలు నావి. బోల్టులు నేను చూడలేదు డ్వేన్. గీతలు మాత్రం పెట్టాను."

డ్వేన్ నవ్వబోయి లెనార్డ్ ముఖం చూశాడు. గోడ మీది రెంచి తీసిచ్చాడు.

"గీత పోతే కార్డు పోయినట్టే," అన్నాడు.

"తెలుసు."

లెనార్డ్ కారు కిందకి వెళ్లి రెంచి పెట్టాడు. మొదటి బోల్టు టిక్కుమంది. రెండోది టిక్కుమంది. మూడోది తిరిగింది. ఎండిన పసుపు రంగు పెచ్చులుగా రాలి లెనార్డ్ కనురెప్పల మీద పడింది. ముప్పావు చుట్టు తిరిగాక టిక్కుమంది.

"మా నాన్న యాభై ఏళ్లు మా అమ్మని దీంట్లో తిప్పాడు," అన్నాడు డ్వేన్.

"తెలుసు. కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను."

డ్వేన్ బకెట్ బోర్లించి దాని మీద కూర్చున్నాడు. పిడికిళ్లు బిగించి ఉన్నాయి. పందెం మాట మళ్లీ ఎత్తలేదు. లేచి అలమరలోంచి ఒక లావు పుస్తకం తీశాడు. ఈ రకం కార్లున్న వాళ్ల సంఘం అచ్చు వేసింది. బతికున్న బళ్లన్నీ తయారైన తారీకుల వరసన, సొంతదారుల ఫోను నంబర్లతో ఉన్నాయి. వేలు పెట్టి చదివాడు.

"ఆ రోజు, ఆ షిఫ్టువి మాది కాక మూడున్నాయి. రెండు ఒహాయోలో, ఒకటి ఇండియానాలో."

"వాళ్లకి నువ్వే చెప్పు," అన్నాడు లెనార్డ్.

"నేనెందుకు చెప్తాను బాబాయ్? గీతలు నావా?"

డ్వేన్ మొదటి నంబరు కలిపి ఫోను లెనార్డ్ చేతిలో పెట్టాడు. అవతల మోగుతోంది. ఎవరూ ఎత్తకపోతే బాగుండునని లెనార్డ్ అనుకున్నాడు. అలా అనుకున్నందుకు భయపడ్డాడు. ఐదో మోతకి ఒక ఆడమనిషి పలికింది.

"అమ్మా, నా పేరు లెనార్డ్ పవ్లక్. మీ పాత కారు గురించి ఫోను చేశాను. అది ఇంట్లోనే ఉందా?"

"లేదండీ, మా ఆయన పొద్దున్నే తీసుకెళ్లాడు. ఇవాళ ఎక్కడో పందేలున్నాయి. ఎందుకు?"

లెనార్డ్ గోడకి ఆనుకున్నాడు.

"ఎందుకండీ?" అని ఆమె మళ్లీ అడిగింది.

"ఆయన దగ్గర ఫోను ఉందా అమ్మా?" అని అడిగాడు లెనార్డ్. "ముందు బండి ఆపమనండి. తరవాత నేను చేసింది చెప్తాను."