వెలుతురులో రంగు చూసే చాచా

మెదక్‌లో పళ్ళ డాక్టరమ్మ నా ముందుపన్ను అరగదీసి, కొలత తీసుకుని, క్రౌన్ వేస్తానన్నారు. తలకు దక్కని కిరీటం పంటికైనా దక్కుతోందని సంబరపడ్డాను.

క్రౌన్‌లు తయారుచేసే చాచా రంగు చూడటానికి వచ్చాడు. ట్యూబులైటు కింద రంగు తెలియదని ఆయన నమ్మకం. అందుకే ప్రతివాళ్ళనూ గుమ్మం దాకా నడిపించి, వెలుతురుకు తిప్పి, నమూనా పళ్ళను పెదవి దగ్గర పెట్టి చూసేవాడు.

“జర నవ్వుండ్రి సార్.”

మత్తెక్కిన మూతితో నేను నవ్వితే దారినపోయేవాళ్ళు జడుసుకునే ఉంటారు. చాచా మాత్రం ఒకే నమూనాను మూడుసార్లు చూసి, కళ్ళు నలుపుకున్నాడు.

వారం తర్వాత, అతికించేముందు క్రౌన్ పెట్టి అద్దమిచ్చారు. పక్క పళ్ళకంటే అది తెల్లగా ఉంది. చాచా నా ముఖమే చూస్తున్నాడు.

“రంగు కలిసిందా సార్? నిజం చెప్పుండ్రి.”

“మస్తు కలిసింది చాచా” అన్నాను. పెద్దాయన మనసు నొప్పించడం ఎందుకనుకున్నాను.

“గిప్పుడు పానం నిమ్మలమైంది” అని నా చెయ్యి పట్టుకుని వదల్లేదు.

ఏడాదికి మళ్ళీ వెళ్తే చాచా లేడు.

“ఆయనకు చూపు పోయింది సార్” అన్నారు డాక్టరమ్మ. “ముందుగాల వస్తే ఆపుతుంటిమి అన్నరంట కండ్ల దవాఖానల. నేను ఎన్నిసార్లు పొమ్మన్న! ‘రంగు కలిసిందనే అందరు చెప్తున్నరు గదమ్మా, నా కండ్లకేమైంది’ అనెటోడు.”

తర్వాత లైటు నా మీదికి తిప్పి, “నోరు తెరువుండ్రి” అన్నారు.

చాలాసేపు తెరవలేకపోయాను.