కంచు నాణేలకు చింతపండు

యాకుత్‌పురా స్టేషన్లో పార్శిల్ గుమస్తా ఈశ్వరయ్యకు సిగరెట్ లేదు, పేకాట లేదు. ఉన్న పిచ్చల్లా పాత నాణేలే. జుమ్మెరాత్ బజారులో, యుద్ధానికి గ్రీకు దీవుల దాకా వెళ్లొచ్చిన ఓ సిపాయి పెట్టె అమ్మకానికొస్తే పెట్టెతో సహా ఇంటికి మోసుకొచ్చాడు. అందులో ముప్పై కంచు నాణేలు. రోడ్స్ దీవివాటి మీద గులాబీ, కోస్‌వాటి మీద ఎండ్రకాయ, మేలోస్‌వాటి మీద దానిమ్మ. రెండువేల ఏళ్ల నల్లటి పొర కప్పుకుని ఉండేవి. చుట్టాలు "చిల్లర ఈశ్వరయ్య" అని నవ్వేవారు. నవ్వనీ, వాళ్ల సొమ్మేం పోయింది?

డెబ్బైనాలుగు వానాకాలంలో మ్యూజియం అధికారి మురళీధర్ కబురు పంపాడు. నచ్చితే అద్దాల బీరువాలో పెట్టి, కింద ఈశ్వరయ్య పేరు రాయిస్తాడట. పెద్దల ముందుకు మకిలి సామాను తీసుకెళ్తామా? సగం నాణేలు భార్య మాణిక్యమ్మ చేతికిచ్చి, "దేవుని గిన్నెల లెక్క తోము" అన్నాడు. పెద్ద గులాబీతో సహా మిగతా సగం తర్వాత చూద్దామని పెట్టెలోనే ఉంచాడు.

చింతపండు, ఉప్పు వేసి ఆవిడ తోమితే తళతళలాడాయి. ఈశ్వరయ్య మురిసిపోయాడు గానీ, చావు అప్పుడే వాటి లోపల కాలుపెట్టింది.

నాలుగోనాడు ఎండ్రకాయ కాలి దగ్గర లేతాకుపచ్చ చుక్క కనిపించింది. తుడిచాడు. తెల్లారేసరికి మళ్లీ వచ్చింది, పక్కనున్న చిన్న గులాబీ నాణెం మీద కూడా. వేలు పెడితే పిండిలా రాలింది. ముసురు వదల్లేదు. రోజుకో నాణెం పచ్చబడుతుంటే ఆయనకు అన్నం సహించలేదు. తోమిన మాణిక్యమ్మ నొచ్చుకుంటుందని ఆవిడకు మాత్రం చూపించలేదు.

చివరికి డబ్బా పట్టుకుని మ్యూజియానికి వెళ్లాడు. మురళీధర్ మూత తీసి, చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

"ఏంతోని కడిగిన్రు?"

"చింతపండు, ఉప్పు సార్."

"కాపాడే నల్లపొర పోయింది, ఉప్పు లోపటికి పోయింది. ఇగ కంచును తింటనే ఉంటది. కడగనివి ఉన్నయా?"

"పదిహేను ఉన్నయ్ సార్, ఇంట్ల."

"గవన్న బచాయించుండ్రి. నీళ్లు గూడ తగలనియ్యకుండ్రి. రేపే తీస్కరాండ్రి."

ఎన్నడూ ఎక్కనివాడు ఆ రోజు రిక్షా ఎక్కాడు. అఫ్జల్‌గంజ్ రద్దీలో రిక్షా ఆగినప్పుడల్లా ప్రాణం విలవిల్లాడింది. పోయినవి పోయాయి, పెద్ద గులాబీ ఒక్కటి దక్కితే చాలనుకున్నాడు.

మాణిక్యమ్మ నల్లా దగ్గర కూర్చుని ఉంది.

"సగమే ఇచ్చిన్రేంది? సారు ముంగట కొన్ని తెల్లగ, కొన్ని నల్లగ పెడితే ఏం మర్యాద? మిగిలినయి గూడ తోమిన. సూడుండ్రి, ఎట్ల మెరుస్తున్నయో!"

తిట్టడానికి నోరు తెరిచాడు. తోమమని ఇచ్చింది ఎవరు మరి? పళ్లెంలో పదిహేనూ మిలమిలలాడుతున్నాయి.

"మస్తున్నయ్" అని, గడప మీద కూలబడి ఏడ్చేశాడు ఈశ్వరయ్య. సంతోషం పట్టలేక ఏడుస్తున్నాడనుకుంది మాణిక్యమ్మ.