అక్కకు పెళ్లి చూపించిన కార్డు

మొన్న టెక్కలిలో మా అమ్మాయి ఇంటికి వెళ్లేసరికి, తను ఇళ్ల ప్లాన్లు గీసుకునే పాత కంప్యూటరు పక్కకు ఒరిగించి, మూత తీసి ఉంది. కొత్తది కొనేకంటే గ్రాఫిక్స్ కార్డు మారిస్తే ఇంకో రెండేళ్లు నడుస్తుందట. పాత కార్డు లాగి, కొత్తది గుచ్చి, నేను టీ తాగేలోగా పని ముగించేసింది. నాకూ ఒకప్పుడు ఆ పని పడింది గానీ, ఇంత సులువుగా కాలేదు.

అప్పట్లో నేను పలాసలో పెళ్లి వీడియోలు మిక్సింగ్ చేసేవాణ్ణి. తలంబ్రాల పక్కన గులాబీలు విచ్చుకోవడం, పెళ్లికూతురు ముఖం చందమామలో తేలడం మన ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది. అవన్నీ మాబోటివాళ్లం పెట్టినవే. నా కంప్యూటరు చవకరకం, విడిగా గ్రాఫిక్స్ కార్డు లేనిది. పాత వీడియోలకు అదే సరిపోయేది.

మా అక్కను ఉద్దానంలో జీడితోటలున్న ఇంటికి ఇచ్చారు. అక్కడ చాలామందికి వచ్చినట్టే ఆమెకూ కిడ్నీల జబ్బు వచ్చింది. కూతురి పెళ్లినాడు, ముహూర్తానికి ముందు ఊపిరాడకపోతే ఆస్పత్రికి తీసుకువెళ్లి, పక్కన నేను కూర్చున్నాను. బావ పెళ్లి పందిట్లో ఉండక తప్పలేదు. కన్యాదానం ఆయన తమ్ముడూ మరదలూ చేశారు. ఇంటికి వచ్చాక అక్క అడిగిందల్లా పెళ్లి చూపించమనే. ఎక్కువ రోజులు లేవని డాక్టరు బావకు అప్పటికే చెప్పాడు.

మా కెమెరామన్ ఆ పెళ్లిని అప్పుడే వచ్చిన కొత్తరకం కెమెరాతో తీశాడు. అంత బరువైన వీడియో నా కంప్యూటరులో కదలలేదు; పెళ్లికూతురు ఒక అడుగు వేసి బిగుసుకుపోయేది, బాజా మాత్రం మోగుతూ ఉండేది. బావ నా మిక్సింగ్ గదికి వచ్చి చూసి, "ముక్కలు ముక్కలైనా పర్నేదు, బేగి సూపించు" అని వెళ్లిపోయాడు.

మర్నాడే విశాఖపట్నం వెళ్లి, ఉన్నవాటిలో గట్టి గ్రాఫిక్స్ కార్డు తెచ్చాను. వీడియో మొదలవగానే కంప్యూటరు ఆరిపోయింది. అంత కార్డుకు కావలసిన కరెంటు నా కంప్యూటరులోని పాత పవర్ సప్లై డబ్బా ఇవ్వలేదని తెలిసి, మళ్లీ రైలెక్కి, నౌపడ ఉప్పుమళ్లు దాటుతున్నంతసేపూ ఒళ్లో పెట్టెతో కూర్చుని, విడిగా కరెంటు తీగ అక్కర్లేని చిన్న కార్డుకు మార్చుకొచ్చాను. ఈసారి పెళ్లికూతురు ఆగకుండా పీటల దాకా నడిచింది.

గులాబీలూ చందమామలూ అతికించే ఓపిక లేక, కంప్యూటరును అలాగే ఆటోలో పెట్టుకుని అక్క మంచం దగ్గరికి తీసుకువెళ్లాను. బావ కూడా పక్కన కూర్చున్నాడు. అక్క మొదటినుంచీ వరసగా చూస్తూ వచ్చింది. కన్యాదానం దగ్గర మాత్రం ఆపమంది.

"ఒరే, ఆ గుంజ ఎనకాల ఉన్నది మీ బావేనా? ఏడుత్తన్నాడేటి?"

అవును, ఆయనే. పందిరి గుంజ చాటున, తువ్వాలుతో ముఖం కప్పుకుని. ఆ సంగతి పందిట్లో ఎవరూ గమనించినట్టు లేదు. పాతికేళ్ల కాపురంలో ఆయన ఏడవడం తను ఎప్పుడూ చూడలేదని అక్క అంది.

"నాకు సెప్పనేదేటి?"

"ఏటి సెప్తాను," అన్నాడు బావ, తెరవైపే చూస్తూ.

అక్క ఆయన చెయ్యి తీసుకుని ఒళ్లో పెట్టుకుంది. మిగతా సగం పెళ్లి అలాగే చూశారు. బావ ఏడ్చిన ఆ ముక్క కత్తిరించొద్దని నాకు చెప్పింది. కత్తిరించలేదు. వానలు పడేలోగా అక్క పోయింది.

ఇప్పుడు ఆస్పత్రి మంచం మీదున్న మనిషికి కూడా, తాళి కడుతుండగానే ఫోనులో చూపిస్తున్నారు. మంచిదే, అప్పుడు అలా ఉంటే అక్క అన్ని రోజులు ఎదురుచూసేది కాదు. అయితే ఫోను పట్టుకున్నవాళ్లు పెళ్లికూతురినే చూపించేవారు. పందిట్లో ఉన్న బావ, అక్క పక్కన కూర్చుని చూసేవాడూ కాదు.