హాజరు: ఒకరు

మా ఊరి కాలేజీ గోడమీద పెద్ద పోస్టరుంది: 'చదువుకు వయసు లేదు'. అందులో ఆరుగురు నవ్వుతుంటారు. ఆ భవనంలో ఆరుగురు ఒక్కసారిగా నవ్వగా నేనైతే చూడలేదు. గేనర్ హెప్‌వర్త్ తరగతిలో రెండో మనిషే లేడు.

నలభయ్యారేళ్ల గేనర్ బిస్కట్ ఫ్యాక్టరీలో యంత్రాలు బాగుచేస్తుంది. ప్రతి బుధవారం ఫ్యాక్టరీవాళ్లు చదువుకోసం పనినుంచి వదిలితే వచ్చి ఇంజినీరింగ్ డిప్లొమా చదివేది. మొదటి ఏడాది తరగతిలో తొమ్మిదిమంది. ఒకరికి షిఫ్టు మారింది, ఒకరికి కవలలు పుట్టారు, మిగతావాళ్లు చెప్పకుండానే మానేశారు. రెండో ఏడాది సెప్టెంబరుకి తనే మిగిలింది. కింద గదిలో జుట్టు కత్తిరించడం నేర్చుకునే పిల్లల కేకలు, డ్రయ్యర్ల మోత. పైన ఒక మేష్టారు, ఒక విద్యార్థి.

చివరి పేపరు బృందపు పని. గేనర్ ఫ్యాక్టరీలో బిస్కట్లు మోసే పట్టీని తిప్పే పద్ధతి మార్చాలనుకుంది. వారం వారం బృందం కూర్చుని, మాట్లాడుకున్నది పుస్తకంలో రాయాలి. రాసింది: 'హాజరు: ఒకరు. పట్టీని తిప్పడానికి చెయినా, బెల్టా అని చర్చ. బెల్టు, ఏకగ్రీవంగా.'

చిక్కు చివర్లో వచ్చింది. బృందంలో ఒకరికొకరు మార్కులు వేసుకోవాలి; ఎవరికి వాళ్లు వేసుకోకూడదు. ఆ కాగితం లేకపోతే డిప్లొమా లేదు.

"రూలు రాసినవాళ్లు ఇలా ఒక్కరే మిగుల్తారనుకోలేదండీ," అన్నాడు మేష్టారు ఓవెన్. "పైవాళ్లని అడిగాను. ఆ పని గురించి మీతో వాదనకు దిగినవాళ్లెవరైనా మార్కులు వేస్తే ఒప్పుకుంటారట."

అలా వాదించినవాడు ఒక్కడే, ఫ్యాక్టరీలో షిఫ్టు మేస్త్రీ రాయ్ స్టాన్సిల్. రెండేళ్లుగా ఆమెను పేరు పెట్టి పిలిచింది లేదు.

"ఏంటి ప్రొఫెసరమ్మా, నీకు నేను మార్కులెయ్యాలా?" కాగితం చదివాడు. "మీ బృందంలో మిగతావాళ్లేరీ?"

"లేరు."

"ఎప్పట్నుంచి?"

"సెప్టెంబరు."

"చెప్పలేదేం?"

"చెబితే నవ్వేవాడివి."

రాయ్ కాగితం బల్లమీద పెట్టాడు. పెన్ను తీశాడు. పని: పదికి తొమ్మిది. ఎదుటివాళ్ల మాట వినడం: రెండు.

"రెండేనా!"

"చెయిన్ పెట్టమని మొత్తుకున్నాను. విన్నావా?"

"బెల్టు నడుస్తోందిగా?"

"అందుకే తొమ్మిది."

గేనర్ పాసైంది. తర్వాతి బుధవారం ఫ్యాక్టరీకే వెళ్లింది. క్యాంటీన్లో ఆమె కుర్చీలో బుధవారాలు ఇంకెవరో కూర్చోవడం ఎప్పుడో అలవాటైపోయింది. లెమ్మనలేదు. కిటికీ దగ్గర నిలబడి టీ తాగుతూ సంచిలోంచి బృందం మాటలు రాసిన ఆ పుస్తకం తీసింది. చివరి పేజీలో అడుగున ఒక గడి ఖాళీగా ఉంది: మళ్లీ కలిసేది ఎప్పుడు?

'బుధవారం' అని నింపింది.