లంకకి టీవీ పట్టుకెళ్ళిన మేడంగారు

పోయిన నెల ఒక ఉదయం, నేను స్టూడియోలో వార్తలు చదవడానికి సిద్ధమవుతుండగా వట్లూరు నుంచి ఫోన్ వచ్చింది. మాట్లాడింది మా మేడంగారి తమ్ముడి భార్య. కాఫీ ఇద్దామని లేపబోతే తెలిసిందనీ, వదినగారు నిద్రలోనే వెళ్ళిపోయారనీ చెప్పింది.

ఫోన్ పెట్టేసి, మొహం కడుక్కుని వచ్చి కుర్చీలో కూర్చున్నాను. ఆ రోజు వార్తలన్నీ చదివాను. మధ్యలో లేచి వెళ్ళిపోతే ఆవిడకి నచ్చేది కాదు. చివరి వార్తగా ఆవిడ మరణవార్త కూడా నేనే చదివాను. "మా ప్రొడ్యూసర్" అన్న మాట దగ్గర ఆగిపోయాను. కెమెరా ఆపించి, మంచినీళ్ళు తాగి, మళ్ళీ మొదటి నుంచి చదివాను.

ఆవిడ మిషన్ స్కూలు హెడ్మాస్టరుగారి అమ్మాయి. హైదరాబాదులో ప్రభుత్వ టీవీలో చాలా ఏళ్ళు పనిచేశారు. ఆ రోజుల్లో ప్రొడ్యూసర్ కుర్చీలో ఆడవాళ్ళు కనపడడమే అరుదు. ఉన్న ఒకరిద్దరికీ వంటల కార్యక్రమమో పిల్లల కార్యక్రమమో ఇచ్చేవారట. ఈవిడ వ్యవసాయం అడిగారు. రైతులు ఆడమనిషితో మాట్లాడరండీ అని పైఅధికారి అంటే, మాట్లాడతారో లేదో చూసి వచ్చి చెప్తానని బయల్దేరి, ముందు సొంత జిల్లాకే వచ్చారు. పెదపాడులో ఒక రైతు, ప్రశ్న ఈవిడ అడుగుతుంటే జవాబు కెమెరామేన్‌కి చెప్పాడట. ఈవిడ అన్నీ ఓపిగ్గా విని, ఈ చేలో నాట్లు వేసింది ఎవరండీ అని అడిగారు. ఆడకూలీలన్నాడు. అయితే వాళ్ళనీ పిలవండి అన్నారు. ఆ మాట నుంచే నా ఉద్యోగం మొదలయిందమ్మా అని మాతో చెప్పేవారు.

తల్లికి ఒంట్లో బాగుండకపోవడంతో ముందుగానే రిటైరై వట్లూరు వచ్చేశారు. తల్లి పోయాక కూడా తిరిగి హైదరాబాదు వెళ్ళలేదు. ఏలూరులో మా కేబుల్ ఛానల్ అప్పుడే పెట్టారు. చెప్పుల షాపు మీద రెండు గదులు, ఒక చిన్న కెమెరా. మా యజమాని సినిమా పాటలూ పెళ్ళిరోజు శుభాకాంక్షలూ చాలనుకున్నాడు. ఈవిడ మెట్లెక్కి వచ్చి శనివారం సాయంత్రం అరగంట అడిగారు. ఇక్కడి ఆడవాళ్ళు మాట్లాడే కార్యక్రమం చేస్తానన్నారు.

నేను తాడేపల్లిగూడెం నుంచి రోజూ పాసింజర్‌లో వచ్చి వార్తలు చదివి వెళ్ళేదాన్ని. పెద్ద ఛానళ్ళవాళ్ళని చూసి నేర్చుకున్న యాసలో, మాటల్ని సాగదీసి చదువుతుండేదాన్ని. మొదటి రోజే నన్ను పక్కకి పిలిచారు. "నువ్వు గూడెం అమ్మాయివి కదా. మీ అమ్మగారితో ఎలా మాట్లాడతావో అలా చదువు. నీ గొంతు బావుంది, దాన్ని ఎందుకలా కష్టపెడతావు?" అన్నారు. నాకు కోపం వచ్చింది. మర్నాడు ఆవిడ చెప్పినట్టే చదివాను. అప్పటి నుంచి అలాగే చదువుతున్నాను.

ఆవిడకో అలవాటుండేది. ఎవరిని షూట్ చేయాలన్నా ముందు వాళ్ళని పిలిచి, కెమెరాలోంచి తనని చూడమనేవారు. తను ఎదురుగా ఎండలో నిలబడేవారు. "నేను మిమ్మల్ని చూసేముందు మీరు నన్ను చూడాలి కదండీ" అనేవారు. మా ప్రాంతంలో సిగ్గుపడని ఆడవాళ్ళు తక్కువ. ఆ ఒక్క పనితో సగం బెరుకు పోయేది. తర్వాత కెమెరాకి ఎడమపక్కకి వచ్చి, మొదలుపెడదామాండీ అని అడిగేవారు.

ఒక ఎండాకాలం మేడంగారూ, కెమెరా కుర్రాడూ, నేనూ కొల్లేటి లంకకి వెళ్ళాం. ఊరి చుట్టూ నీళ్ళే, తాగడానికి మాత్రం చుక్క లేదు. చేపల చెరువుల మురుగు సరస్సులోకి వదలడంతో నీళ్ళు పచ్చబడిపోయాయి. ఆడవాళ్ళు తాటిదోనెల మీద గట్టుకి వెళ్ళి బిందెలతో మంచినీళ్ళు తెచ్చుకుంటున్నారు. మేం వెళ్ళేసరికి ఊరిపెద్దలు చర్చి అరుగు మీద కూర్చుని ఉన్నారు. ఆడోళ్ళు కెమెరా చూస్తే బెదిరిపోతారండీ, మేం చెప్తాం కదండీ అన్నారు. మేడంగారు వాళ్ళు చెప్పిందంతా మర్యాదగా రికార్డు చేశారు. తర్వాత, చాలా బాగా చెప్పారండీ, ఇక నీళ్ళు మోసేవాళ్ళతో మాట్లాడతాం అని రేవులో ఒక రాయి మీద కూర్చున్నారు.

ఎవరూ రాలేదు. ఆడవాళ్ళు బిందెలతో మా ముందు నుంచే వెళ్ళారు, వచ్చారు, తలెత్తి చూడలేదు. ఎండ మండిపోతోంది. ఆవిడ తువ్వాలు తడిపి నెత్తిన వేసుకుని అలాగే కూర్చున్నారు. వెళ్ళిపోదామండీ అని నేను రెండుసార్లు అన్నా కదల్లేదు. మధ్యాహ్నం దాటాక, దోనె నడిపే నాగరత్నం అనే ఆవిడ మా దగ్గర ఆగింది.

"ఎంతసేపు కూర్చుంటారండీ ఇక్కడ?"

"మీరు మాట్లాడేదాకానండీ."

"మేం మాట్లాడకపోతే?"

"రేపొస్తానండీ."

నాగరత్నం నవ్వింది. "ముందు దోనెక్కండి. మీరే చూద్దురుగాని" అంది. మేడంగారికి ఈత రాదు. దోనెలో రెండు పక్కలా పట్టుకుని కూర్చున్నారు, వేళ్ళు తెల్లబడిపోయేంత గట్టిగా. నాగరత్నం గెడతో దోనె తోస్తూనే కెమెరా ముందు మాట్లాడింది.

"నీళ్ళ మధ్యనే పుట్టామండీ. మా అమ్మ ఈ నీళ్ళే ముంచుకుని తాగేది. ఇప్పుడు మా పిల్ల బడికెళ్ళాల్సిన పొద్దంతా గట్టుకెళ్ళి రావడానికే సరిపోతంది. చెరువులోళ్ళు మురుగంతా మా మీదకే వదుల్తారు. అడిగితే వచ్చే ఎండాకాలానికి చూద్దామంటారండీ. ఎండాకాలం ప్రతేడూ వస్తానే ఉంది."

తిరిగొచ్చేసరికి రేవులో మిగతా ఆడవాళ్ళు మాకోసం నిలబడి ఉన్నారు.

ఆ శనివారం అది ప్రసారం కాలేదు. ఆ చెరువుల ఆసామి ఒకాయన మా యజమానికి కబురు చేశాడు. యజమాని మంచివాడే, కానీ ఊళ్ళో బతకాల్సినవాడు. చెరువుల ముక్క ఒక్కటి తీసేయండి, మిగతాదంతా వేసేద్దామని మేడంగారిని బతిమాలాడు.

"ఆ ముక్క నాగరత్నంగారిదండీ. నాదైతే తీసేసేదాన్ని" అన్నారు ఆవిడ.

ఆ అరగంటా సినిమా పాటలు వేశారు. మేడంగారు స్టూడియోలో కూర్చుని ఆ పాటలన్నీ చివరిదాకా చూశారు. లేచి, తన టేపు తీసుకుని ఇంటికి వెళ్ళిపోయారు. సోమవారం తన ఇంట్లో టీవీనీ ప్లేయర్‌నీ ట్రాలీ ఆటో ఎక్కించారు. ఎక్కడికండీ అంటే, వాళ్ళ మాటలు ముందు వాళ్ళకి చూపించాలి కదా అన్నారు. నీ ఉద్యోగానికి ఇబ్బందైతే రావద్దమ్మా, నేనేమీ అనుకోను అని కూడా అన్నారు. ప్రైవేటు ఉద్యోగం, నోరు మూసుకుని ఉండమని మా నాన్న అప్పటికే చెప్పి ఉన్నాడు. నేను ఆటో ఎక్కాను.

టీవీని దుప్పట్లో చుట్టి దోనెలో పెట్టాం. నాగరత్నం గెడ వేసింది. మేడంగారు ఈసారి దోనె అంచులు వదిలేసి రెండు చేతులతో టీవీని పట్టుకున్నారు. సాయంత్రం ప్రార్థన అయ్యాక చర్చి మెట్ల మీద పెట్టి చూపించాం. ముందు ఊరిపెద్దలు మాట్లాడింది వచ్చింది. అందులోంచి ఆవిడ ఏమీ తీసెయ్యలేదు. తర్వాత ఆడవాళ్ళు. తెర మీద తను కనపడగానే నాగరత్నం స్తంభం వెనక్కి వెళ్ళిపోయింది. అంతా అయ్యాక కూడా ఎవరూ లేవలేదు. ఒక పెద్దాయన తనలో తను అనుకున్నట్టుగా, "ఇన్ని మాటలు ఇంట్లో మనతో ఎప్పుడూ అనలేదేంట్రా" అన్నాడు.

తర్వాత ఆ టీవీ చాలా చోట్లకి వెళ్ళింది. పెదపాడులో, వట్లూరులో కాలేజీ పిల్లల దగ్గర, గూడెంలో మా వీధిలో. మా వీధిలో వేసినప్పుడు మా నాన్న మొదట వరండాలోంచే చూశాడు. కాసేపటికి కుర్చీ తెచ్చి ముందు వరసలో వేసుకున్నాడు. ఏలూరులో చర్చి హాల్లో వేసిన రోజు జనం గుమ్మం దాకా నిలబడ్డారు. వాళ్ళ వెనక మా యజమాని ఉన్నాడు. కార్యక్రమం మధ్యలో రెండుసార్లు కళ్ళజోడు తుడుచుకున్నాడు. వచ్చే శనివారం వేసేద్దామండీ, మొత్తం వేసేద్దాం అని తనే వచ్చి మేడంగారితో చెప్పాడు.

అది ప్రసారమయ్యాక అధికారులు లంకకి వెళ్ళారు. మంచినీళ్ళ పడవ వచ్చింది. తర్వాతి ఏడాది ఆ పడవ ఆగిపోయింది. మేడంగారు మళ్ళీ కెమెరా సర్దారు. పోయినేడు వేశాం కదండీ అన్నాడు యజమాని. "పోయినేడు తాగిన నీళ్ళు ఈ ఏడాదికి సరిపోతాయాండీ?" అన్నారు ఆవిడ. పైపు పడేదాకా ప్రతి ఎండాకాలం వెళ్ళాం. మురుగు సంగతి ఇప్పటికీ తేలలేదు. అది తేలలేదని ఆవిడ ప్రతి ఏడూ కార్యక్రమంలో చెప్తూనే ఉన్నారు.

చివరి ఏడాది గుండె జబ్బుతో మెట్లెక్కలేకపోయారు. టేపులు ఇంటికి తెప్పించుకుని, మంచం మీద దిండ్లకి ఆనుకుని చూసేవారు. ఎక్కడ కోయాలో, ఎక్కడ వదిలేయాలో చెప్పేవారు. ఒకరోజు అడిగాను, మీకు అసలు భయం వెయ్యలేదాండీ అని.

"ఎందుకు వెయ్యదమ్మా? దోనెలో నన్ను చూడలేదూ? భయపడుతూ కూడా పని చేసుకోవచ్చు" అన్నారు. వెంటనే, ఆ మూడో టేపు పెట్టమన్నారు.

సమాధుల తోటకి లంక నుంచి ఆడవాళ్ళు చేపల వ్యానులో వచ్చారు. నాగరత్నం కూతురు టీచర్ ట్రైనింగ్ చదువుతోందట. పెట్టె దించేటప్పుడు ఆ అమ్మాయే అందరికంటే ముందు పాట అందుకుంది. మా యజమాని ఆ శనివారం అరగంట మేడంగారికే ఇవ్వమన్నాడు. ఇకనుంచి ఆ కార్యక్రమం నువ్వే చూసుకోవాలని కూడా నాతో అన్నాడు. సరేనన్నాను. ఇంకో ఆలోచన పెట్టుకోలేదు.

ఆ అరగంట కోసం బీరువాలో టేపులన్నీ తీసి వేసి చూశాను. ఆవిడ ఎక్కడా కనపడలేదు. అన్నేళ్ళలో ఒక్కసారి కూడా తనని తను షూట్ చేయించుకోలేదు. చివరికి నేను మొహాలే ఏరి వరసగా అతికించాను: పెదపాడులో నాట్లు వేసే ఆవిడ, తివాచీలు నేసే ముసలమ్మ, చర్చి బడి టీచరు, గెడ పట్టుకున్న నాగరత్నం. మాటలేమీ పెట్టలేదు. వాళ్ళు నోరు విప్పే ముందు ఆ ఒక్క క్షణమే ఉంచాను. శనివారం సాయంత్రం ఊరంతా చూసింది. ఒకరి తర్వాత ఒకరుగా వాళ్ళంతా, కెమెరాకి కొంచెం ఎడమవైపు ఉన్న ఎవరినో చూస్తూ, చిన్నగా తలూపుతున్నారు.