క్రీము బతుకమ్మ

ఆఫీసులో ఎవరి పుట్టినరోజుకైనా కేకు పెట్టె తెరిస్తే, ఆ వెనీలా వాసనకు చిన్నప్పటి మా నల్లగండ్ల అపార్ట్‌మెంట్ మేళా గుర్తొస్తుంది. కేకు అలంకరణ పోటీకి నానమ్మా నేనూ పసుపు క్రీముతో తంగేడు పూలు, తెల్ల క్రీముతో గునుగు పూలు వరుసలుగా పేర్చి బతుకమ్మను చేశాం.

మార్కులు వేసే కాకినాడ ఆంటీ రుచి చూడ్డానికి కత్తి తీయగానే నేను అడ్డం నిలబడ్డాను. "బతుకమ్మను కోస్తరా? ముందుగాల ఆడాలె!"

"కొయ్యకపోతే బహుమతి రాదమ్మా!"

"రాకుంటే రాకపాయె!"

ఆంటీ నవ్వి, కత్తి పక్కన పెట్టి, మాతో చప్పట్లు కొడుతూ కేకు చుట్టూ తిరిగింది. ఆట అవగానే నేను కేకు ఎత్తుకుని స్విమ్మింగ్ పూల్ వైపు నడిచాను. బతుకమ్మను నీళ్లలో వదలాలి కదా! నానమ్మ పరుగున వచ్చి, "దీన్ని మన కడుపులకే సాగనంపుదాం బిడ్డా," అంది.

బహుమతి రాలేదు. ఇప్పుడు ఆఫీసులో కేకు కోయగానే అందరూ పుట్టినరోజుకు చప్పట్లు కొడతారు. నా చప్పట్లు మాత్రం ఆ బతుకమ్మకే.