సూది నెత్తిన రూపాయి బిళ్ళ

మా చిన్నతనం, నిడదవోలు... ఓ ఆదివారం అమ్మా నేనూ చర్చి నుంచి వచ్చేసరికి, మా మావయ్యగారు ముందు గదిలో బాసింపట్టు వేసుక్కూర్చుని మా రికార్డు ప్లేయర్‌ని బాగుచేస్తున్నారు. దానికి ఏ జబ్బూ లేదు. ఉన్నదల్లా ఆయనకే... బాగుచేసే జబ్బు.

మావయ్యగారంటే మా మేనత్త భర్త. ఇద్దరూ ముందురోజే మా ఇంటికి వచ్చారు. రాజమండ్రిలో పెద్ద స్పీకర్ల టేప్ రికార్డర్ కొన్న రోజు నుంచి, శబ్దం గురించి లోకంలో తనొక్కరికే తెలుసన్నట్టు మాట్లాడేవారు. ఎవరింట్లో పాట మొదలైనా మొదటి నిమిషంలోనే "బేస్ లేదండీ" అని పెదవి విరిచేవారు. ఆ పాట ఏమిటో అడిగితే మాత్రం చెప్పలేరు... పల్లవి కూడా గుర్తుండదు. అలాంటి చెవులు ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

కానీ ఇంటి అల్లుడు కదా... ఎవరూ నోరు మెదిపేవారు కాదు. ఆయన ఏం చెప్పినా మా నాన్న కాఫీ గ్లాసు అందించి తలూపేవారు.

ఆ రోజు ఆయన చేసిన ఘనకార్యం వినండి. వేరువేరు స్టూళ్ళ మీద ఉండే స్పీకర్లు రెండూ తెచ్చి, ప్లేయర్ ఉన్న బల్ల మీదే పెట్టారు. అవి మోగితే బల్ల అదిరేది, బల్ల అదిరితే సూది ఎగిరేది. ఆ మాత్రం పోల్చుకోలేక, సూది ఎగరకుండా దాని నెత్తిన ఓ రూపాయి బిళ్ళ అతికించారు! ఆ బరువుకి సూది రికార్డుని గీరుకుంటూ పోతోంది...

తిరుగుతున్నది అమ్మ రికార్డు. పెళ్ళికి ముందు వాళ్ళ ఊరి చర్చి గాయక బృందం మద్రాసు వెళ్ళి పాడిన పాటలు. అందులో ఒక చరణం అమ్మ ఒక్కతే పాడింది. అది మళ్ళీ ఎక్కడా దొరకదు.

గుమ్మంలోనే అమ్మకి తన గొంతు వినపడింది... రంపం కోసినట్టు. చేతిలో బైబిలు నాకిచ్చి, తిన్నగా వెళ్ళి సూది పైకెత్తింది.

"ఉండమ్మా, ఇప్పుడిప్పుడే దారికొస్తోంది" అన్నారాయన, చిరాగ్గా.

"అన్నయ్యగారూ, మీకు వినడం రాదండి. వినడం రానివాళ్ళు దీన్ని ముట్టుకోకూడదు."

గట్టిగా కూడా అనలేదు. నాన్న భయంగా వంటింటి వైపు చూశారు. అత్త చేపల పులుసు దించి, చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"నువ్వన్నావు వదినా... ఇన్నేళ్ళూ నేనే అనలేకపోయాను" అంది.

మావయ్యగారు భోజనం చెయ్యకుండా బస్సెక్కేశారు. తెలీని విషయంలో అభిమానం ఎక్కువ ఆయనకి. అత్త మాత్రం పులుసు రెండోసారి వేయించుకుని తిని, మర్నాడు వెళ్ళింది.

తర్వాత నాన్న స్పీకర్లు స్టూళ్ళ మీదికి చేర్చి, బల్ల కోళ్ళ కింద అట్టముక్కలు పెట్టి వాలు సరిచేసి, కొత్త సూది వేయించారు. అప్పుడు వినపడింది... చరణం ఎత్తుకునే ముందు అమ్మ తీసుకున్న ఊపిరి! అంత చక్కగా అదివరకు ఎప్పుడూ వినలేదు.

చరణం మధ్యలో ఒక్కచోట మాత్రం గీత పడిపోయింది. అక్కడికి రాగానే సూది ఒక మాట దాటేసేది. అమ్మ బియ్యం ఏరుతున్నా, బట్టలు మడత పెడుతున్నా, ఆ మాట తనే పాడి పని చూసుకునేది. మేమందరం దానికోసమే చెవులు రిక్కించేవాళ్ళం...

ఇప్పుడు మళ్ళీ రికార్డు ప్లేయర్లు కొంటున్నారట. ఇంటర్నెట్లో ఫోటోలు చూస్తున్నాను... ఏ వైరు మంచిదో, ఏ సూది గొప్పదో పేజీలకు పేజీలు వాదించుకుంటారు. నిన్న ఏ పాట విన్నారో మాత్రం ఒక్కరూ రాయరు. వాళ్ళని అని ఏం లాభం... మా ఇంట్లో మాత్రం? ఎవరి ఇయర్‌ఫోన్లు వాళ్ళవి. పక్కవాళ్ళు ఏం వింటున్నారో కూడా తెలీదు.

మీ ఇంట్లో అందరూ కలిసి ఒకే పాట చివరిదాకా విన్నది ఎప్పుడు... ఏ పాటో గుర్తుందా?